నీడకు నోటీసు

పెదగరువు మున్సిపాలిటీ ఆఫీసుకి తూర్పు పక్కన చిన్న జాగా ఒకటుంది. దాంట్లో ఏ ప్రభుత్వమూ ఎన్నడూ ఏమీ కట్టలేదు కాబట్టి, ఊళ్లో జనానికి నిజంగా ఉపయోగపడిన ప్రభుత్వ ఆస్తి అదొక్కటే. శివరాత్రి వెళ్లిందంటే చాలు, పాలకేంద్రం వీధి ఆడవాళ్లంతా పాత చీరలు చంకన పెట్టుకుని అక్కడికి బయల్దేరేవారు. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు అన్నీ అక్కడే ఎండేవి. అందరి వడియాలకీ కలిపి రోజుకి ఇద్దరు చొప్పున కాపలా వంతు. కాకుల్ని తోలడానికి ఒక వెదురుకర్ర, దాని చివర నల్లగుడ్డ.

వంతు ఉన్నా లేకపోయినా పేరిందేవి మాత్రం రోజూ వచ్చేది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో గొంతు లేదు. మధ్యాహ్నం ఇంత తిని వచ్చి చాప వేసుకుని కూచుంటే, మళ్లీ దీపాలవేళకే లేచేది. వడియాల కోసం వస్తున్నానని చెప్పేది గానీ, కబుర్ల కోసం వస్తోందని ఆవిడకీ తెలుసు, వీధికీ తెలుసు, బహుశా కాకులకి కూడా తెలుసు.

ఇలా ఎవరి మానాన వాళ్లు బతుకుతుండగా మున్సిపల్ కమిషనర్ ప్రభంజన్ గారు ఏదో శిక్షణకి వెళ్లొచ్చారు. శిక్షణకి వెళ్లొచ్చిన అధికారికీ, కొత్తగా కారు నేర్చుకున్నవాడికీ కొన్నాళ్లు ఎదురు వెళ్లకూడదు. ఆయన "ప్రజల స్థలం ప్రజల చేతికే" అనే పథకం పట్టుకొచ్చారు. ఊళ్లో ఉపయోగం లేకుండా పడి ఉన్న ప్రభుత్వ స్థలాలన్నీ స్థానిక సంఘాలకి నామమాత్రపు ధరకి అమ్మేస్తారు. ఉగాది లోపల ఏ సంఘమూ కొనుక్కోని స్థలం కార్ల పార్కింగ్ అయిపోతుంది.

ఆ మాట విని పేరిందేవి గుండెల్లో రాయి పడింది. ఆ వీధిలో కార్లున్నది ఇద్దరికి. వడియాలున్నది అందరికీ. ఆవిడ కుట్టుమిషను ఝాన్సీని, ఎదురింటి మంగతాయారుని వెంటబెట్టుకుని వారం తిరక్కుండా "శ్రీ సూర్యనారాయణ వడియాల మహిళా సంఘం" రిజిస్టరు చేయించింది. అధ్యక్షురాలు తనే.

కమిషనర్ గారు వాళ్లని చూసి పొంగిపోయారు.

"ఇదే నాకు కావలసింది! క్షేత్రస్థాయి సాముదాయిక స్వామ్యం!" అన్నారు.

"అంటే ఏంటండీ?" అంది మంగతాయారు.

"అంటే మీరేనమ్మా."

మంగతాయారు కొంగు సర్దుకుంది. తన గురించి అంత మాట ఇదివరకెవరూ అనలేదు.

సర్వేకి టౌన్ ప్లానింగ్ అధికారి కోదండపాణి, సర్వేయరు గవర్రాజు వచ్చారు. పెదగరువు మున్సిపాలిటీలో ఒక పద్ధతి ఉంది. ఉదయమంతా పై అధికారులతో వీడియో కాన్ఫరెన్సులు. అవి అయ్యాక భోజనాలు. ఆ తర్వాత టీ. కాబట్టి స్థల పరిశీలన అన్నది సాయంత్రం టీ తర్వాత తప్ప చేసిన చరిత్ర ఆ ఆఫీసులో లేదు. వీళ్లూ అప్పుడే వచ్చారు. గవర్రాజు గొలుసు పరిచి, సగం దూరం వెళ్లి, బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు.

"ఏవండీ గవర్రాజు గారూ, ఆగిపోయారేంటండీ?" అంది పేరిందేవి.

"ఆక్రమణ ఉందండీ."

"ఎవరిదండీ?"

కోదండపాణి గారు గొంతు సవరించుకుని వేలు చూపించారు. ఆవిడ అటు చూసింది. అక్కడ మనిషి లేడు, పాక లేదు, బడ్డీకొట్టు లేదు. పడమటి పొద్దుకి మున్సిపల్ ఆఫీసు నీడ నల్లగా సగం జాగా మీద పడి ఉంది, అంతే.

"అది నీడండీ బాబూ!"

"పేరు ఏదైనా కావచ్చు. ఆక్రమణదారుల్లో చాలామందికి మారుపేర్లు ఉంటాయి," అన్నారు కోదండపాణి గారు. ఆయన చంకలో నిబంధనల పుస్తకం ఎప్పుడూ ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడు ఏం చేస్తారో తెలియదు. "వినండి. 'ఆక్రమణ అనగా ఏదేని వస్తువు, ఏదేని రూపంలో, స్థలమును పూర్తిగా గానీ పాక్షికంగా గానీ కప్పి ఉంచుట.' ఇప్పుడు చెప్పండి. సదరు నీడ సదరు స్థలాన్ని కప్పి ఉన్నదా, లేదా?"

"కప్పిందనుకోండి..."

"ఆక్రమణలో ఉన్న స్థలాన్ని అమ్మరాదు. నీడ మినహా అని నిబంధనలో ఎక్కడా లేదు."

పేరిందేవికి నవ్వొచ్చింది. నవ్వుతూనే పొరపాటు మాట ఒకటి అనేసింది. "ఆ నీడ మాకేం అడ్డం కాదండీ. మధ్యాహ్నాలు మేం చాప వేసుకుని కూచునేది అందులోనే కదండీ."

కోదండపాణి గారి కళ్లు మెరిశాయి.

"రాసుకో గవర్రాజూ. ఆక్రమణదారుతో కొనుగోలుదారు సంఘానికి పూర్వ పరిచయం ఉన్నట్లు, ఆక్రమణదారు ఆశ్రయంలోనే సంఘ సభ్యులు రోజూ కాలక్షేపం చేస్తున్నట్లు అధ్యక్షురాలే స్వయంగా అంగీకరించినారు."

మర్నాడే తాఖీదు వచ్చింది. ఆక్రమణ తొలగే వరకు సంఘ సభ్యులెవరూ సదరు నీడతో ఎలాంటి సంబంధ బాంధవ్యాలూ నెరపరాదు. అతిక్రమిస్తే లాలూచీ కింద పరిగణించి స్థలాన్ని పార్కింగుకి కేటాయిస్తారు.

సరేనని ఆడవాళ్లు ఎండలో కూచున్నారు. మాఘమాసం దాటిన ఎండ, మాడు మాడిపోతుంటే గొడుగులు తెచ్చుకున్నారు. సాయంత్రం కోదండపాణి గారు వచ్చి గొడుగుల కింద చూశారు. ఒక్కో గొడుక్కీ ఒక్కో నీడ! గొడుగు యజమానులందరికీ విడివిడిగా నోటీసులు ఇచ్చారు. గొడుగులు మూసేశారు. మూసేస్తే మనుషుల నీడలు మిగిలాయి. మంగతాయారు కాస్త భారీ మనిషి. ఆవిడది పెద్ద ఎత్తున జరిగిన ఆక్రమణగా నమోదైంది.

"పోనీ పడుకుంటే నీడ తగ్గుతుందాండీ?" అని అడిగింది పాపం.

"విస్తీర్ణం పెరుగుతుందమ్మా," అన్నాడు గవర్రాజు. అతనికి ఆవిడ మీద జాలే.

చివరికి ఆడవాళ్లు రోడ్డుకి అవతల, డ్రైనేజీ పిట్టగోడ వారన నిలబడి వడియాలకి కాపలా కాయవలసి వచ్చింది. కాకులకి ఈ సంగతి ఒక్కరోజులో తెలిసిపోయింది. కర్ర ఊపుకుంటూ పేరిందేవి రోడ్డు దాటి వెళ్లేసరికి అవి తినవలసింది తిని, మిగిలింది ముక్కున కరుచుకుని ఆఫీసు పిట్టగోడ మీద వరసగా కూచునేవి. కాకుల నీడ సంగతి కోదండపాణి గారు పైకి రాసి స్పష్టత కోరారని తర్వాత తెలిసింది.

నిలబడి నిలబడి కాళ్లు పీకి ఒక్కొక్కళ్లే రావడం మానేశారు. ఓ మధ్యాహ్నం పిట్టగోడ దగ్గర తనొక్కతే మిగిలేసరికి పేరిందేవికి ఏడుపొచ్చింది. జాగా ఇంకా పోలేదు. మనుషులు ముందే పోతున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఫ్రిజ్ చప్పుడు వింటూ కూచుని, ఇలా లాభం లేదనుకుని మర్నాడు కమిషనర్ గారి దగ్గరికి వెళ్లింది.

"మీరు దిగులు పడకండమ్మా. ఆక్రమణల విషయంలో ఈ కార్యాలయం ఉక్కుపాదం మోపుతుంది," అన్నారాయన.

అన్నట్టే తొలగింపు దళం జేసీబీతో సహా వచ్చింది. జేసీబీ అద్దెది. పగలు ఒంటిగంటకల్లా పని ముగించి ఇంకో ఊరు పోవాలి. అందుకని వాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చారు. చూస్తే స్థలం మీద ఆక్రమణదారు లేడు. పంచనామా ఇలా రాశారు: "సిబ్బంది రాకను ముందుగా పసిగట్టి సదరు నీడ పరారైనది. పరిసరాలు గాలించగా ఆచూకీ దొరకలేదు. సిబ్బంది వెనుదిరిగిన పిమ్మట, సాయంత్రమునకు తిరిగి వచ్చి యథాప్రకారం స్థలమును కప్పివేసినది. దీనినిబట్టి సదరు నీడ పాత నేరస్థుడని తెలియుచున్నది."

"అది లేని టైములోనే సర్వే చేసేయొచ్చు కదండీ," అంది పేరిందేవి.

కోదండపాణి గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "ఆక్రమణదారు ఇంట్లో లేని సమయం చూసి ఆయన వెనకాల సర్వే చేయమంటారా? సహజ న్యాయసూత్రాలు ఏం కావాలి? ఆయన వాదన వినవద్దా?"

వినాలంటే ముందు నీడ ఎవరిదో తేలాలి. తేలింది. నీడ ఆఫీసుది. ఆఫీసుకి అధిపతి కమిషనర్. కాబట్టి కమిషనర్ ప్రభంజన్ గారు కమిషనర్ ప్రభంజన్ గారికి నోటీసు ఇచ్చారు. నోటీసు అందుకుని ఆయన చాలా నొచ్చుకున్నారు. "ఇంతకాలం కలిసి పనిచేశాం, ఒక మాట ముందుగా చెప్పి ఉండాల్సింది," అన్నారట.

విచారణ రోజున కమిషనర్ గారి గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. పేరిందేవి, ఝాన్సీ గోడవారన నిలబడ్డారు. ప్రభంజన్ గారు పెద్ద కుర్చీలో కూచుని కళ్లజోడు పెట్టుకున్నారు.

"మీ కార్యాలయపు నీడ పరాయి స్థలంపై పడుతున్నట్లు మాకు ఫిర్యాదు అందింది. మీ సంజాయిషీ?"

లేచి, కళ్లజోడు తీసి, చిన్న కుర్చీలోకి మారారు.

"అయ్యా, సదరు నీడ భవనం కట్టిన నాటి నుండి ఉన్నది. పూర్వపు అధికారుల హయాంలో జరిగిన దానికి నన్ను బాధ్యుణ్ణి చేయడం భావ్యం కాదు. పూర్తి సంజాయిషీకి గడువు ఇప్పించ ప్రార్థన."

మళ్లీ పెద్ద కుర్చీ. మళ్లీ కళ్లజోడు. "ఎంత గడువు?"

మళ్లీ చిన్న కుర్చీ. "తమ దయ."

"మంజూరు చేయడమైనది," అన్నారు పెద్ద కుర్చీలోంచి. వెంటనే చిన్న కుర్చీలోకి వచ్చి నమస్కారం పెట్టారు.

"మనిషి బాగా అలిసిపోయాడండీ పిన్నిగారూ," అంది ఝాన్సీ బయటికొచ్చాక.

"ఆయనకి కూచోడానికి రెండు కుర్చీలున్నాయే. మనకి చాప వేసుకునే చోటు లేదు," అంది పేరిందేవి.

ఉగాది దగ్గర పడింది. పార్కింగు కాంట్రాక్టరు వచ్చి జాగా చుట్టూ ముగ్గు పోసుకుని వెళ్లాడు. పథకం కింద ఒక్క స్థలమైనా అమ్మినట్టు చూపించకపోతే కమిషనర్ గారికి పైన మాట వస్తుంది. అప్పుడు కోదండపాణి గారు పుస్తకం తిరగేసి తిరగేసి ఒక మార్గం కనిపెట్టారు.

"తొలగించలేని ఆక్రమణను సరిహద్దుగా గుర్తించవచ్చును సార్. చెరువుని, కాలువని గుర్తించడం లేదా? అలాగే నీడ. నీడ మేర మున్సిపాలిటీది, నీడ లేని మేర సంఘానిది. నీడ కదులుతుంది కాబట్టి సర్వేయరు రోజూ దాని వెంట సరిహద్దు రాయిని జరుపుతూ ఉంటాడు."

గవర్రాజు మొహం పాలిపోయింది. మిగతావాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

దస్తావేజు రాశారు. తూర్పు: పాలకేంద్రం వీధి. ఉత్తరం: మంచినీళ్ల ట్యాంకు. దక్షిణం: డ్రైనేజీ కాలువ. పడమర: మున్సిపల్ కార్యాలయపు నీడ. ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న యావదాస్తినీ, అందులోని సమస్త హక్కులతో సంఘానికి దఖలు పరచడమైనది.

పేరిందేవి సంతకం పెట్టింది గానీ ఆవిడ చెయ్యి సంతోషంగా కదల్లేదు. సాయంత్రాలు నీడ పరుచుకునే సగం వాళ్లది. మాడిపోయే సగం వీళ్లది. వడియాలు ఎండుతాయి, నిజమే. మనుషులు కూడా వాటితోపాటే ఎండాలి.

మర్నాడు పొద్దున్నే గవర్రాజు సరిహద్దు రాయి భుజాన వేసుకుని ఉద్యోగంలోకి దిగాడు. ఆ ఆఫీసు సిబ్బందిలో ఒకడు పొద్దుటిపూట ఆ స్థలంలో అడుగుపెట్టడం అదే మొదలు. సూర్యుడు తూర్పున పాలకేంద్రం వెనక నుంచి లేచాడు. గవర్రాజు జాగా అంతా కలయతిరిగాడు. నీడ లేదు. ఆఫీసు ప్రహరీ దాకా వెళ్లాడు. లేదు.

"నీడ ఎక్కడున్నా పట్టుకుని అక్కడ రాయి పాతమన్నారండీ," అన్నాడు దిగులుగా, అప్పుడే పిండి గిన్నె పట్టుకుని వచ్చిన పేరిందేవితో.

"అయితే వెతకండి మరి."

అతను ప్రహరీ గేటు దాటి ఆఫీసు మెట్లెక్కాడు. మెట్ల మీద ఎండ ఫెళ్లున కాస్తోంది. వరండాలోకి వెళ్లాడు. ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఉద్యోగధర్మం గొప్పది. రాయి మోసుకుంటూ హాలు దాటి, కమిషనర్ గారి గదిలోంచి, పెద్ద కుర్చీ చిన్న కుర్చీ మధ్యలోంచి నడిచి, వెనక తలుపు తీసుకుని బయటపడ్డాడు. వెనకాల కార్ల షెడ్డు మీద మున్సిపల్ కార్యాలయపు నీడ హాయిగా పడుకుని ఉంది.

గవర్రాజు అమ్మయ్య అనుకుని అక్కడ రాయి పాతాడు.

పేరిందేవి అతని వెనకే వచ్చింది. రాయి కేసి చూసింది. వెనక్కి తిరిగి ఆఫీసు కేసి చూసింది. వేలితో గాల్లో హద్దులు గీసుకుంది. వీధి, ట్యాంకు, కాలువ, నీడ.

"అయితే గవర్రాజు గారూ, ఇప్పుడీ మేడ ఎవరిదండీ?"

గవర్రాజు దస్తావేజు నకలు తీసి చదివాడు. చెమట తుడుచుకుని మళ్లీ చదివాడు. "మీదేనండీ. మధ్యాహ్నం దాకా."

అరగంటలో వీధి వీధంతా పిండి గిన్నెలతో దిగింది. రావడం మానేసినవాళ్లు కూడా వచ్చారు. మేడ మీద కాసే ఎండ కింద దొరకదు. ఆఫీసు డాబా అంతా గుమ్మడి వడియాలు, కమిషనర్ గారి గది కిటికీ చూరు మీద చల్ల మిరపకాయలు, మెట్ల మీద మెట్టుకొకటి చొప్పున సగ్గుబియ్యం వడియాలు పెట్టేశారు. సిబ్బంది వచ్చేసరికి అడుగు పెట్టడానికి చోటు లేదు. మంగతాయారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుంది.

"లోపలికి రానివ్వమ్మా, ఆఫీసు టైమైంది," అన్నారు కోదండపాణి గారు.

"తమరొస్తే స్థలాన్ని కప్పేస్తారండీ. ఆక్రమణవుద్దండీ," అంది మంగతాయారు మర్యాదగా.

సిబ్బంది అంతా రోడ్డుకి అవతల, పిట్టగోడ వారన నిలబడ్డారు. కమిషనర్ గారు అక్కడి నుంచే వీడియో కాన్ఫరెన్సులో పాల్గొన్నారు. వెనకాల కనిపిస్తున్నదేమిటని పై అధికారి అడిగితే సాముదాయిక స్వామ్యం అని చెప్పారు. పై అధికారి మెచ్చుకున్నారు. న్యాయ సలహాదారు మాత్రం దస్తావేజు అక్షరం పొల్లుపోకుండా చెల్లుతుందనీ, రాసినవారెవరో గానీ నిబంధనలు బాగా తెలిసినవారనీ అభిప్రాయం ఇచ్చారు. ఆ కాగితం చదివి కోదండపాణి గారు మొదటిసారి పుస్తకాన్ని చంకలోంచి తీసి చేతిలో పట్టుకున్నారు, ఎక్కడ దాచాలో తెలియనట్టు.

ఉగాది లోపలే జాగా అమ్ముడైపోయింది కాబట్టి, ఉగాదితోపాటే పార్కింగు కాంట్రాక్టరు ముగ్గు కూడా వెళ్లిపోయింది. ఇంకో నాలుగు పొద్దులు ఇలాగే గడిచేసరికి కమిషనర్ గారే పేరిందేవి ఇంటికి వచ్చారు. ఫ్రిజ్ చప్పుడులో ఆయన మాట వినబడక ఆవిడ దాన్ని కట్టేసి వచ్చింది.

"అమ్మా, పుణ్యం ఉంటుంది. సవరణ దస్తావేజు రాసుకుందాం. మీకేం కావాలో చెప్పండి."

"మీ మేడ మాకెందుకండీ? మెట్లెక్కలేక చస్తున్నాం. మా జాగా మాకు ఆ ప్రహరీ గోడ దాకా రాసిచ్చేయండి. కదలని రాయి పాతించండి. పాపం ఆ గవర్రాజు గారి భుజం కాయ కాసింది."

మర్నాడే కొత్త దస్తావేజు తయారైంది. కోదండపాణి గారు కలం పట్టుకుని ఆఖరి వాక్యం దగ్గర ఆగారు. అలవాటు చావలేదు.

"మరి సదరు నీడ విషయం తేల్చలేదు. రేపటి నుంచి మీ సొంత స్థలంలో మా నీడ పడుతుంది. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, తొలగింపు నిమిత్తం ప్రతిపాదనలు పంపిస్తాం."

"వద్దండీ బాబూ!" పేరిందేవి గాభరాగా ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "మొదటి రోజునే చెప్పాను కదండీ, మీరు చెవిని పెట్టలేదు. ఎండ వడియాలకండీ. నీడ మాకు. అది లేకపోతే ఇక్కడ కూచునేదెవరు? కూచునేవాళ్లు లేకపోతే నాకీ జాగా ఎందుకు, నా వడియాలు నా కిటికీలో ఎండవూ?"

కోదండపాణి గారు ఏదో రాయబోయి, ఏ నిబంధన కింద రాయాలో తోచక, ఊరికే కలం మూశారు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక నీడ ప్రహరీ దాటి మెల్లగా జాగాలోకి దిగింది. పేరిందేవి చాప దులిపి దాని కింద పరిచింది. ఒకరొకరే వచ్చి సర్దుకున్నారు. ఝాన్సీ కర్ర ఊపి కాకిని తోలింది. పేరిందేవి కాళ్లు బారచాపుకుని మంగతాయారు వైపు తిరిగింది.

"ఊఁ, మీ తోటికోడలి సంగతి సగంలో ఆపేశావు. ఎక్కడిదాకా వచ్చింది?" అంది.